మింగిన తర్వాత ‘ఆ’ అనాలి

జూన్ 6

చిట్టికి,

నిన్న ఉదయం ఒకసారి, భోజనాల వేళ ఒకసారి, లైట్లు వేశాక మరోసారి ఫోన్ చేశావు. మోగినంతసేపూ నేను దానికి ఎదురుగానే కూర్చుని ఉన్నాను. ఎత్తలేదు. ఇకమీదట కూడా ఎత్తను. చెప్పవలసినదంతా ఉత్తరంలో చెబుతాను. కుడిచేయి పనిచేస్తోంది. దానికి వేడీ చల్లనా తెలియడం లేదు గానీ, కలం పట్టుకోవడానికి ఆ రెండూ అక్కర్లేదు.

ముందుగా మీ ఇంట్లో నా కోసం వేసిన మంచం సంగతి. నన్ను ఆసుపత్రి నుంచి నేరుగా మీ ఇంటికి తీసుకువెళతానని నువ్వు డాక్టరుగారితో అన్నప్పుడు నేను కాదనలేదు. కాదంటే వాళ్లు నన్ను పంపేవారు కాదు. నువ్వు మందుల దుకాణం దగ్గర వరుసలో నిలబడి ఉండగా టాక్సీ ఎక్కి నా ఇంటికి వచ్చేశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నా ఇంటి తాళం నేనే వేసుకుంటున్నాను, నేనే తీసుకుంటున్నాను. ఈ వయసులో ఆ అలవాటు మార్చుకోవడానికి తగిన కారణం నాకు కనిపించలేదు.

పక్షవాతం కాళ్లనూ చేతులనూ పెద్దగా పట్టించుకోకుండా గొంతును ఎంచుకోవడం విచిత్రమే. మెదడు అడుగుభాగంలో ఒక సన్నని రక్తనాళం మూసుకుపోయిందట. ముఖం ఎడమ సగం నాది కాదన్నట్టు ఉంది. ముద్ద ఆ బుగ్గలో చేరితే అద్దంలో చూసుకుంటే తప్ప తెలియదు. గొంతులోనూ ఎడమవైపు అంతే. బాధగా ఉందా అని అడుగుతావు. లేదు. బాధ ఉండవలసిన చోట ఏమీ లేదు.

మింగడం నేర్పే థెరపిస్టు అమ్మాయి చెప్పిన ప్రకారమే తింటున్నాను. కుర్చీలో నిటారుగా కూర్చుని, గడ్డం ఛాతీకి దించి, తల ఎడమకు తిప్పి, చెంచాడు చొప్పున మింగుతాను. అన్నీ గుజ్జుగానే తింటాను. నీళ్లలోనూ టీలోనూ ఆమె ఇచ్చిన పొడి కలిపి, తేనెలా జారేటట్టు చిక్కబరుస్తాను. పల్చటి నీళ్లు పరుగెత్తుతాయట. నా గొంతు తలుపు వేసుకునేలోగా ఊపిరిదారిలోకి దూరిపోతాయట. రసాయన శాస్త్రం బోధించినదాన్ని, పొడి కలపడంలో నాకు ఎవరి సాయమూ అవసరం లేదు. తిన్నాక నోరు కడుక్కుని, వెంటనే నడుం వాల్చకుండా కూర్చుంటాను.

ఒక్కటి మాత్రం మానేశాను. ప్రతి ముద్ద తర్వాత ‘ఆ’ అనాలట, పక్కన ఒకరు కూర్చుని వినాలట. ఖాళీ ఇంట్లో ఎవరికి వినిపించడానికి అనాలి?

నీ అక్క

*

జూన్ 11

అక్కయ్యా,

మందుల సంచీ పట్టుకుని వచ్చేసరికి చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడి ఆయాని అడిగితే, “మీ అక్కగారు గోడ పట్టుకుని గేటు దాకా నడిచెళ్లిపోయారమ్మా. ఆపబోతే నోరు తెరవకుండా కళ్లతోనే తిట్టారు” అంది. ఇంటికొచ్చి చెబితే మీ మరిది పడీ పడీ నవ్వారు. “మీ అక్కకి ఏది మూసుకుపోయినా మొండితనం పారే నాళం మాత్రం మూసుకుపోదే” అన్నారు. నాకు నవ్వు రాలేదు. నీ కోసం పరిచిన దుప్పటి ఇంకా తీయలేదు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో నాకు తెలుసులే. నిన్ను ఒక్క మాట అడగకుండా అందరి ముందూ మా ఇంటికి తీసుకెళ్తానన్నాను. నీకు ఒళ్లు మండి ఉంటుంది. సరే, నాదే తప్పు. కోపం తీరాకే ఎత్తు.

‘ఆ’ అనడం మానేశావా? ఒకటో తరగతి పంతులమ్మగా చెబుతున్నా, నా పిల్లలు నీకంటే నయం. ముక్కు కారుతున్నా సరే, అనమంటే అనేవాళ్లు. నేను జీవితమంతా అఆలు దాటలేదని నువ్వు వెక్కిరించేదానివి. ఇప్పుడు నీ చదువే ‘ఆ’ దగ్గర ఆగిపోయింది చూడు.

వెక్కిరింత పక్కన పెట్టు. దగ్గు ఎలా ఉంది? ఆసుపత్రిలో గుక్కెడు నీళ్లకి కళ్లు తేలేసేలా దగ్గావు. అది నా చెవుల్లోంచి పోవడం లేదు. నాకు నీ గుజ్జులూ పొడులూ అర్థం కావు. దగ్గు తగ్గిందని రాయి, చాలు. ఆ రోజు నాకు నిద్ర పడుతుంది.

నీ చిట్టి

*

జూన్ 27

చిట్టికి,

ఇక నిద్రపో. దగ్గు తగ్గింది.

మొదట్లో పొడి కలిపిన టీకి కూడా ఒకటి రెండు సార్లు దగ్గు వచ్చేది. క్రమంగా తగ్గుతూ వచ్చి, పోయిన వారం పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు ఒక ప్రయోగం చేశాను. కుర్చీలో నిటారుగా కూర్చుని, గాజు గ్లాసులో మామూలు నీళ్లు, పొడి లేకుండా, చెంచాతో ఒకసారి తీసుకున్నాను. దగ్గు రాలేదు. మరో చెంచా తీసుకున్నాను. రాలేదు. గ్లాసు ఎత్తి తాగాను. రాలేదు. మర్నాడు అదే ప్రయోగం మళ్లీ చేసి, అదే ఫలితం వచ్చాక పొడి డబ్బా అటక మీద పెట్టించాను.

నీళ్లు తాగాను, చిట్టీ. ఇన్నాళ్లూ నేను మింగినది నీళ్ల రంగులో ఉన్న జిగురు. దానితో దాహం తీరదు. నోరు తడిసినట్టు అనిపిస్తుంది, అంతే. సంతోషించావా అంటే సరిగ్గా చెప్పలేను. గ్లాసు ఖాళీ అయింది. కడిగి బోర్లించాను.

థెరపిస్టు దగ్గరకు వెళ్లవలసిన రోజున వెళ్లలేదు. లక్షణం లేనప్పుడు చికిత్స దేనికి? కింది వాటాలో ఉండే ఆవిడ పత్రిక ఇవ్వడానికి వచ్చి, “మీకు తగ్గిపోయిందటగా” అని అడిగారు. తల ఊపాను. ఈ మధ్య ప్రశ్నలన్నింటికీ తల ఊపితే సరిపోతోంది.

నీ మీద నాకు కోపం లేదు. కోపం వస్తే నేను దాచుకోనని నీకు తెలుసు.

నీ అక్క

*

జూలై 2

అక్కయ్యా,

నీ ఉత్తరం మీ మరిదికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన మోకాళ్ల నొప్పులు మర్చిపోయి లేచి నిలబడ్డారు. “మీ అక్క పక్షవాతాన్ని కూడా పరీక్షలో తప్పించింది” అన్నారు. నిజంగానే ఆ రాత్రి మొద్దులా నిద్రపోయాను.

నేను చెప్పలేదూ, దగ్గు తగ్గితే అంతా తగ్గినట్టేనని? ఆ పొడి సంగతి నాకు మొదటి నుంచీ నచ్చలేదు. మనిషన్నాక నీళ్లు తాగకపోతే ఎలా? నువ్వు చిన్నప్పటి నుంచీ టీలో ముంచుకుని తినే గట్టి బిస్కెట్లు ఒక డబ్బా పంపుతున్నాను. కరకరలాడుతున్నాయి, బాగా నాననిచ్చి తిను.

ఇంక ఫోన్ ఎత్తొచ్చుగా? నువ్వు పక్క వీధిలో ఎవరినైనా కేకలేస్తే మన ఇంట్లో పాలు విరిగిపోయేవని నాన్న అనేవారు. ఆ కేక ఒక్కటి వినిపించు. కోపం లేదంటావు, ఎత్తవు. ఏది నమ్మను?

నీ చిట్టి

*

జూలై 13

చిట్టికి,

బిస్కెట్లు అందాయి. కుడివైపు రుచి తెలిసింది. ఎడమవైపు ఏదో ఉందని మాత్రం తెలిసింది.

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాస్త వెచ్చబడుతోందని కింది వాటా ఆవిడ చేయి పట్టుకుని చూసి చెప్పారు. నా చేతికి నా వేడి తెలియదు కనుక ఆవిడ మాట నమ్మాను. వాతావరణం మారింది, అందరికీ ఉంది. అలసటగా ఉంది. ఎక్కువ రాయను.

ఫోన్ సంగతి మళ్లీ ఎత్తవద్దు.

నీ అక్క

*

ఆగస్టు 1

అక్కయ్యా,

నీ ఆఖరి ఉత్తరం వచ్చి ఎన్ని రోజులైందో నేను లెక్కపెట్టను. పోస్టు మనిషి మాత్రం లెక్కపెడుతున్నాడు. గేటు దగ్గరికి వెళ్లగానే, “లేదండీ” అని తనే చెప్పేస్తున్నాడు.

ఫోన్ మాట ఎత్తినందుకేనా ఈ శిక్ష? నీకు తగ్గిపోయింది, గ్లాసెత్తి నీళ్లు తాగుతున్నావు, ఊళ్లో వాళ్లందరికీ తల ఊపుతున్నావు. చెల్లెలికి మాత్రం రెండు ముక్కలు రాయడానికి తీరిక లేదు. కాలేజీలో పెద్ద పాఠాలు చెప్పినదానివి, నాలాంటి పలకా బలపం పంతులమ్మతో మాట్లాడితే నీ హోదా తగ్గుతుందా? చిన్నప్పుడూ ఇంతే. నీ గది తలుపు మూసుకుంటే నేను బయట కూర్చుని ఏడ్చినా తీసేదానివి కాదు.

పరిచిన దుప్పటి తీసేశాను. మడిచి బీరువాలో పెట్టాను. ఇక నీ ఇష్టం.

చిట్టి

*

ఆగస్టు 10

చిట్టికి,

నీ ఉత్తరాన్ని కింది వాటా ఆవిడ ఆసుపత్రికి తెచ్చి ఇచ్చారు. నేను ఇక్కడ ఉన్నాను. తలుపు మూసుకోలేదు. తలుపు నేను తీయలేకపోతే ఆవిడే తాళం పగలగొట్టించారట. నాకు గుర్తు లేదు.

ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. కుడివైపు కింది భాగం నిండిపోయిందన్నారు. ఇప్పుడు జ్వరం లేదు. ముక్కులోంచి పొట్టలోకి ఒక సన్నటి గొట్టం వేసి, దానిలో ఆహారం పోస్తున్నారు. నాకు ఆకలీ తెలియదు, కడుపు నిండటమూ తెలియదు. గోడ గడియారం చూసి, భోజనం అయిందని తెలుసుకుంటాను.

నిన్న నన్ను ఎక్స్‌రే యంత్రం ముందు కూర్చోబెట్టి, మింగేటప్పుడు లోపల ఏం జరుగుతోందో తెర మీద చూపించారు. తెర మీద కనపడటానికి ఏదో మందు కలిపిన నీళ్లు చెంచాతో ఇచ్చారు. థెరపిస్టు అమ్మాయి నా పక్కనే నిలబడింది. నల్లటి గీత ఒకటి నాలుక మీదుగా జారి, రెండు దారులు విడిపోయే చోటుకు వచ్చి, వెళ్లకూడని దారిలోకి వెళ్లిపోయింది. తాపీగా, ఎవరూ అడ్డుకోని మనిషిలా వెళ్లింది.

“దగ్గొచ్చిందా అమ్మా?” అని అడిగింది అమ్మాయి.

“రాలేదు.”

“ఏమైనా అనిపించిందా?”

“లేదు.”

“అదేనండీ సమస్య. రావాలి.”

దగ్గు జబ్బు కాదట, చిట్టీ. కాపలాదారట. నీళ్లు పక్కదారి పట్టినప్పుడల్లా అది అరిచేది. అరిచి అరిచి, ఉన్న కాస్త స్పర్శ కూడా మొద్దుబారి, ఆగిపోయింది. నువ్వు నిద్రపోయిన రోజు, నేను గ్లాసు ఎత్తి తాగిన రోజు, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. నేను గ్లాసు కడిగి బోర్లించాను.

లిట్మస్ రంగు మారలేదు కనుక ఆమ్లం లేదని రాసిన విద్యార్థికి నేను సున్నా వేసేదాన్ని. ముందు ఆ కాగితం పనిచేస్తోందో లేదో చూడమనేదాన్ని. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయను.

డాక్టరుగారి మాట ఇది. ముక్కులో గొట్టం ఈ వారంలో తీసేస్తారు. చిక్కటివి, గుజ్జువి మింగినప్పుడు తెర మీద దారి సరిగానే ఉంది, గడ్డం దించి తల తిప్పితే. కాబట్టి నోటితో తినవచ్చు. కానీ ప్రతి భోజనానికీ ఒకరు ఉండి నా గొంతు వినాలి. నీటి చుక్క స్వరతంత్రుల మీద నిలిచిపోతే గొంతు తడిగా, గరగరమంటూ వస్తుందట. నాకు దగ్గు లేదు కనుక ఇక మిగిలిన గుర్తు అదొక్కటే. నా గొంతు నా చెవికి ఎప్పుడూ ఒకేలా వినిపిస్తోంది, అందువల్ల నా సాక్ష్యం చెల్లదు. మళ్లీ ఒకసారి ఊపిరితిత్తులకు జబ్బు చేస్తే పొట్టకు శాశ్వతంగా గొట్టం పెడతారు. అప్పుడు నేను ఒంటరిగా ఉండటానికి వీల్లేదని కూడా చెప్పారు.

బిస్కెట్ల డబ్బా కింది వాటా ఆవిడకు ఇచ్చేశాను.

నీ అక్క

*

ఆగస్టు 14

అక్కయ్యా,

దగ్గు తగ్గాలని మొక్కినంత పని చేసింది నేనే. పొడి నచ్చలేదన్నదీ నేనే. నీ ఒళ్లు కాలుతుంటే కూర్చుని ఆ ఉత్తరం రాసిందీ నేనే. ఏం రాయాలో తెలియడం లేదు.

బట్టలు సర్దుకున్నాను. మీ మరిదిని మా ఆడపడుచు చూసుకుంటుంది. “వెళ్లు, కానీ మీ అక్క తాళం మీద చేయి మాత్రం వేయకు” అని ఆయన కూడా చెప్పారు. నీ ఇంట్లో మూలన ఉంటాను. అన్నం తినేటప్పుడు మాత్రం ఎదురుగా కూర్చుంటాను. వద్దనకు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. కోపం కాకపోతే ఆ ఫోన్ ఎందుకు ఎత్తలేదు? ఎత్తి ఉంటే ఆ తడి నేను వినేదాన్ని. రెండు నెలల ముందే వినేదాన్ని.

చిట్టి

*

ఆగస్టు 19

చిట్టికి,

ఇంటికి వచ్చాను. కొత్త తాళం వేయించాను.

నిజం చెప్పమన్నావు. జూన్‌లో ఆసుపత్రిలో ఉండగా మంచం పక్కనున్న మాట్లాడే పెట్టెలో నర్సును పిలిచాను. “వస్తున్నా తాతగారూ” అంది. వచ్చి, మంచం మీద నన్ను చూసి, గది తప్పానేమో అని వెనక్కి వెళ్లబోయింది. ఆ తర్వాత నీ ముందు నోరు విప్పలేదు, తల ఊపుతూ వచ్చాను. మైకు లేకుండా చివరి బెంచీ దాకా వెళ్లిన గొంతు అది. నువ్వు వినిపించమన్న కేక ఇక లేదు. దాని స్థానంలో ఉన్నది నీకు వినిపించడం నాకు ఇష్టం లేకపోయింది. ఇది కోపం కాదు. మరేమిటో దానికి పేరు పెట్టడం నాకిప్పుడు చేతకాదు. అదీ మొద్దుబారిన వైపే ఉంది.

నువ్వు రావద్దు. ఇది కూడా కోపం కాదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని నా నోటికేసి చూస్తుంటే నేను మింగలేను. ఆసుపత్రి వాళ్లు కుదిర్చిన ఆయా ఒక పూట వచ్చింది. ముద్ద ముద్దకూ నాతో పాటు తనూ నోరు తెరిచేది. మర్యాదగా పంపించేశాను.

థెరపిస్టు అమ్మాయితో మాట్లాడాను. చూడటం అవసరమా, వినడం అవసరమా అని అడిగాను. “నా ముందు కొన్ని రోజులు తిని చూపించండి, ఆ తర్వాత వింటే చాలు” అంది. ఫోన్‌లో వినవచ్చా అంటే, వినే మనిషిని బట్టి ఉంటుందంది. ఒకటో తరగతి పిల్లలకు ‘ఆ’ పలకడం నేర్పి పదవీ విరమణ చేసిన మనిషి అని చెప్పాను. నవ్వింది. ఒక షరతు పెట్టింది. ఏదైనా తేడా వస్తే వెంటనే రాగలిగిన వారి దగ్గర నా ఇంటి తాళంచెవి ఒకటి ఉండాలి.

కింది వాటా ఆవిడకు ఇచ్చాను. రెండుసార్లు మెట్లు దిగి, రెండుసార్లు ఇవ్వకుండానే పైకి వచ్చి, మూడోసారి ఇచ్చాను.

సోమవారం ఉదయం థెరపిస్టు గదిలో మొదటి భోజనం. ఎనిమిదింటికి నేనే ఫోన్ చేస్తాను. నియమాలు ఇవి. నేను తినేటప్పుడు నువ్వు మాట్లాడకూడదు. మాట్లాడితే నేను జవాబు చెప్పబోతాను, మింగేటప్పుడు మాట్లాడటం ప్రమాదం. ప్రతి ముద్ద తర్వాత నేను ‘ఆ’ అంటాను. స్పష్టంగా ఉంటే ‘ఊఁ’ అను. గరగర వినిపిస్తే ‘తడి’ అను. నేను గొంతు సవరించుకుని, మళ్లీ మింగి, మళ్లీ అంటాను. రెండోసారీ తడిగానే ఉంటే భోజనం ఆపేస్తాను. నా పలుకు ఆగిపోతే కింది వాటాకు ఫోన్ చెయ్యి, నంబరు వెనకవైపు రాశాను.

ఏడవకూడదు. గొంతు మారిందని అనకూడదు. మారలేదనీ అనకూడదు.

నీ అక్క

*

ఆగస్టు 25

చిట్టికి,

నియమాలు పాటించావు. మొదటి ‘ఆ’ తర్వాత నీ నుంచి ఏమీ వినిపించకపోతే ఫోన్ తెగిపోయిందనుకున్నాను. తర్వాత ‘ఊఁ’ అన్నావు. దానికి అంత సమయం ఎందుకు పట్టిందో నేను అడగను.

నాలుగో ముద్ద దగ్గర నువ్వు ‘తడి’ అన్నావు. అదే క్షణంలో థెరపిస్టు అమ్మాయి కూడా వేలు ఎత్తింది. నాకు మాత్రం ఏ తేడా తెలియలేదు. గొంతు సవరించుకుని మళ్లీ మింగాను, ‘ఊఁ’ అన్నావు. గిన్నెలో సగానికి పైగా తిన్నాను. ఇంకో వారం ఆమె గదిలో, ఆ తర్వాత నా బల్ల దగ్గర అని ఆమె తేల్చింది. ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఏడు. మరిదిగారి మందుల వేళలకు అడ్డమైతే చెప్పు, మార్చుకుంటాను.

ఇంకొకటి. నువ్వు మాట్లాడలేదు గానీ ఫోన్‌ను నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నావు. నేను గడ్డం దించి, తల తిప్పి మింగిన ప్రతిసారీ అవతల నువ్వు కూడా మింగావు. చేతిలో ఏమీ లేకుండానే, నాతో పాటే. గుటక దిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ముద్ద ఎప్పుడు దిగిందో నా గొంతు నాకు చెప్పదు. నీ గుటక విన్నాకే నేను ‘ఆ’ అన్నాను.

ఫోన్ అంత దగ్గరగానే పెట్టుకో.

నీ అక్క